గీజర్ కుళాయి జివ్వుమంటోందంటే ముందు ఎంసీబీ డబ్బాలో ఏం తీసేశారో చూడాలి

మీరు చెప్పింది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలియాలి కాబట్టి ఒకసారి నా మాటల్లో చెప్తాను. హనుమకొండలో 2006లో కట్టిన సొంతిల్లు. వర్షం పడినప్పుడల్లా ఇంట్లో కరెంటు మొత్తం ట్రిప్ అయ్యేది. ఎలక్ట్రీషియన్ వచ్చి ‘ఇది పాడైపోయింది’ అని ఎంసీబీ డబ్బాలోంచి ఒకటి తీసేసి వైర్లు డైరెక్ట్ చేశాడు. ఆ తర్వాత ట్రిప్ కావడం ఆగింది. వారం రోజులుగా గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు బాత్రూమ్ కుళాయి ముట్టుకుంటే చేయి జివ్వుమంటోంది, చెప్పులు వేసుకుంటే ఏమీ లేదు. వంటింట్లో ఇండక్షన్ పొయ్యి ప్లగ్గు చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. ఇంట్లో మీ అమ్మగారు, ఆరేళ్ల పాప ఉన్నారు. వైరింగ్ మొత్తం మార్పించాలా అని మీ ప్రశ్న.

మొత్తం మార్చాల్సిన అవసరం చాలావరకు ఉండదు. కానీ ఈ నిమిషం నుంచి ఆ గీజర్ వాడొద్దు. స్విచ్ ఆపి ఊరుకోకండి, డబ్బాలో దాని ఎంసీబీ కూడా కిందికి దించి, దాని మీద టేపు అతికించండి. పొరపాటున ఎవరూ మళ్లీ పైకి లేపకూడదు. ‘చెప్పులు వేసుకుంటే ఫర్వాలేదు’ అన్న మాట నన్ను బాగా భయపెట్టింది. స్నానం చేసేటప్పుడు పాప చెప్పులు వేసుకోదు కదా అమ్మా.

నేను ఇళ్ల వైరింగ్, మరమ్మతుల పనిలో 30 ఏళ్లకు పైగా ఉన్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది పాత వైర్లు కాదు, ట్రిప్ అవుతోందని ట్రిప్ అయ్యేదాన్నే తీసేయడం. మీ ఇంట్లో తీసేసింది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, అయి ఉంటుంది. ఎంసీబీ కంటే వెడల్పుగా, ‘టెస్ట్’ అనో ఉత్త ‘టి’ అనో రాసిన చిన్న బటన్‌తో ఉంటుంది. పాత డబ్బాల్లో దాన్నే ఈఎల్‌సీబీ అంటారు. అది పాడైపోలేదు. వర్షం పడ్డప్పుడు ఇంట్లో ఎక్కడో కరెంటు లీకవుతోందని నెలల తరబడి మీకు చెబుతూ వచ్చింది.

ఎంసీబీకీ ఆర్‌సీసీబీకీ తేడా తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఎంసీబీ కాపాడేది వైరుని. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పోతున్నా, ఫేజు న్యూట్రల్ కలిసి షార్ట్ అయినా అది పడుతుంది. మనిషికి షాక్ కొడితే 16 ఆంపియర్ల ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. ఒంట్లోంచి 1 మిల్లీ ఆంపియర్ పోతే జివ్వుమంటుంది. 10 దాటితే పట్టుకున్న చేయి వదలడం కష్టమవుతుంది. 30 దాటితే ఊపిరి అందదు, ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు, కాబట్టి మనిషి ప్రాణం పోయే కరెంటు ఎంసీబీ లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజులో లోపలికి వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వస్తోందా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే ఆపేస్తుంది. అయితే ఓవర్‌లోడ్‌ని, షార్ట్‌ని అది ఆపదు. అందుకే రెండూ ఉండాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదన్నది గుర్తుంచుకోండి.

ఇక కుళాయి సంగతి. గీజర్ లోపలి ఎలిమెంట్ పైపొర, మన ఊళ్లలో ఉప్పునీళ్ల గారకు, పగిలి కరెంటు నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. కానీ ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ కరెంటులో ఎక్కువ భాగం గీజర్ బాడీ నుంచి ఎర్తు వైరు దారి పట్టేది, కుళాయి దగ్గర మీకు తెలిసేంతగా ఉండేది కాదు. కాబట్టి మీ ఇంట్లో తప్పు ఒకటి కాదు, రెండు: ఒక లీకు, దానికి తోడు పనిచేయని ఎర్తు. వీటిని చూసి ఆపాల్సిన ఆర్‌సీసీబీ లేకపోవడం మూడోది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ఎర్తు వైరు ఇంటినిండా తిరిగి, బయట నేలలోని ఎర్తు గుంత దాకా మాత్రం చేరలేదనుకోండి. అప్పుడు ఎక్కడ లీకైనా ఆ పచ్చ వైరే షాక్‌ని ప్రతి మూడు పిన్నుల సాకెట్‌కీ మోసుకెళ్తుంది. వాషింగ్ మెషిన్‌లో లోపం ఉంటే ఫ్రిజ్ డోరు షాక్ కొడుతుంది. నేనొకసారి మూడు గంటలు గీజర్ విప్పి చూసి, ఏమీ కనబడక, చివరికి పక్క గదిలో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీయగానే కుళాయి మామూలైపోవడం చూశాను. అందుకే మీ గీజర్ కొత్తది కొనేముందు, దాని ఎంసీబీ దించాక కుళాయి దగ్గరే కాదు, ఫ్రిజ్ మీద, వాషింగ్ మెషిన్ మీద కూడా మీటరుతో చూడమనండి. చేత్తో ముట్టుకుని పరీక్షించొద్దు. ల్యాప్‌టాప్ ఇనుప బాడీ మీద వేలు రాస్తే గరగరలాడినట్టు ఉండటం మాత్రం వేరే. దాని పవర్ సప్లైలోంచి వచ్చే అతి చిన్న కరెంటు అది, ప్రమాదం కాదు. కానీ మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా అలా ఉందంటే ఆ సాకెట్‌కు ఎర్తు అందడం లేదేమో చూడాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తు ఉందా లేదా అని ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, ‘చూడండి, ఫుల్లుగా వెలుగుతోంది’ అంటాడు. నేనూ మొదట్లో ఏళ్ల తరబడి అలాగే చేశాను, ఇప్పుడు దాన్ని నమ్మను. 100 వాట్ల బల్బు తీసుకునేది అర ఆంపియర్ కూడా లేదు. ఎర్తు గుంత నిరోధం 50 ఓములున్నా ఆ బల్బు దగ్గర ఇంకా 210 వోల్టులు ఉంటాయి, కంటికి తేడా తెలియదు. అదే గుంతలోకి పూర్తి ఫేజు దిగితే? 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఎప్పటికీ పడదు, బాడీ అలాగే షాక్‌తో నిండి ఉంటుంది. గుంత 5 ఓములకు తెచ్చినా వచ్చేది 46 ఆంపియర్లే, 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోవడానికి అది చాలదు. మీ ఇంట్లో ఎర్తింగ్ ఎంత బాగా చేయించినా ఆర్‌సీసీబీ ఎందుకు ఉండాలో ఈ లెక్క చెబుతుంది. అలాగని ఎర్తు వద్దని కాదు. ఎర్తు ఉంటే లీకైన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది, లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆ లీకు కాచుకుని కూర్చుంటుంది.

మీ ఎర్తు గుంత ఎక్కడుందో మీ నాన్నగారినో కట్టిన మేస్త్రీనో అడగండి. చాలా ఇళ్లలో తర్వాత వేసిన టైల్స్ కిందికో పార్కింగ్ సిమెంటు కిందికో పోయి ఉంటుంది. సుమారు 2.5 మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు ఉప్పు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు, ఇదీ మామూలు పద్ధతి. గుంత ఎండిపోతే నిరోధం పెరుగుతుంది. ఎండాకాలంలో వారానికో బకెట్టు నీళ్లు పోయమనేది ఊరికే కాదు. గోదావరి డెల్టా ఒండ్రు నేలలో తేలిగ్గా వచ్చే రీడింగు హైదరాబాద్, వరంగల్ వైపు రాతి నేలలో రాదు. అలాంటిచోట ఒకటికి రెండు గుంతలు తవ్వి కలపాల్సి వస్తుంది. ఎక్కువగా తెగేది పైపు దగ్గర, తుప్పు పట్టిన నట్టు కింద. ముందు అది చూడమనండి, ఒక్కోసారి పని అక్కడే అయిపోతుంది.

ఒక్కటి మాత్రం దయచేసి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఎర్తు దొరక్కపోతే సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న వైరు ముక్క, అంటే జంపర్, వేసి ‘ఎర్తింగ్ ఇచ్చేశాను’ అనే అలవాటు మన దగ్గర ఉంది. పరీక్షిస్తే అంతా బాగానే కనబడుతుంది. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందంటే, ఆన్‌లో ఉన్న ఫ్యానులోంచో లైటులోంచో ఫేజు తిరిగి వచ్చి ఆ జంపర్ గుండా ఫ్రిజ్ బాడీ మీదికి ఎక్కుతుంది. ఒక గాలివాన రాత్రి, స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరులో న్యూట్రల్ తెగిన ఇంటికి నేను వెళ్లాను. లైట్లు ఆరిపోయాయి కాబట్టి కరెంటు పోయిందనుకుని ఆ ఇల్లాలు చీకట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. విసిరేసినట్టు వెనక్కి పడటంతో బతికింది, మణికట్టు విరిగింది. ఆ జంపర్ నేనే తీశాను. వైరు ముక్క రెండంగుళాలు కూడా లేదు.

న్యూట్రల్ గురించి ఇంకొంచెం. లైట్లు ఉన్నట్టుండి మరీ ప్రకాశవంతంగా అవడం, ఫ్యాను వేగం పెరగడం, లేదా ఒక గదిలో డిమ్ అయి ఇంకో గదిలో వెలుగు పెరగడం కనబడితే టీవీ ఏమైందో చూడటం కాదు, వెంటనే మెయిన్ దించండి. త్రీఫేజు కనెక్షన్ ఉన్న ఇంట్లో, అపార్ట్‌మెంట్లో న్యూట్రల్ వదులైతే 230 రావాల్సిన చోట 300, 350 వోల్టులు కూడా రావచ్చు. స్తంభం నుంచి మీటరు దాకా పని మనది కాదు, కరెంటోళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి చెప్పండి.

వర్షంలో ట్రిప్ అయ్యే లీకు ఎలా పట్టుకోవాలో ఇప్పుడు చెప్తాను. ముందు కొత్త ఆర్‌సీసీబీ పెట్టించండి: 30 మిల్లీ ఆంపియర్లది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది. దాని ఆంపియర్ రేటింగు మీ మెయిన్ ఎంసీబీ కంటే తక్కువ ఉండకూడదు. షాపులో 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా ఉంటాయి, అవి నిప్పు ప్రమాదం కోసం, మనిషి కోసం కాదు. రెండు మూడు వేల రూపాయల్లో వచ్చేదానికి బేరం చూడకండి. తర్వాత వర్షం పడి ట్రిప్ అయినప్పుడు అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీని లేపి, ఒక్కో ఎంసీబీని లేపుతూ రావాలి. ఏది లేపగానే పడిందో ఆ లైనులోనే లీకు. ఆ లైను మీదున్న ప్లగ్గులన్నీ పీకి మళ్లీ చూడాలి. నా అనుభవంలో వర్షపు లీకులు దాదాపు ఎప్పుడూ బయటే దొరికాయి: గేటు స్తంభం లైటు, డాబా మీది బల్బు హోల్డరు, సంపు మోటారు స్టార్టరు డబ్బా, కాలింగ్ బెల్ స్విచ్. టేపు చుట్టిన జాయింటు నీళ్లు పీల్చుకుని కూర్చుంటుంది.

మీ ఎలక్ట్రీషియన్ ‘అన్ని ఎంసీబీలు దించినా పడుతోంది, కాబట్టి ఇదే పాడు’ అని ఉంటాడు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, ఆయన ఒక్కడి తప్పు కాదు. మన ఇళ్లలో ఎక్కువగా వాడే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు తడిగోడకో ఎర్తుకో తగులుతుంటే ఎంసీబీలన్నీ కింద ఉన్నా ఆర్‌సీసీబీ పడగలదు. అప్పుడు మెయిన్ ఆపి, న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ (న్యూట్రల్ లింకు) నుంచి ఒక్కో వైరు విప్పి, వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మెగ్గర్ అనే మీటరుతో 500 వోల్టుల మీద ఎర్తుకు చూడాలి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపించిన వైరు దొంగ. వర్షం కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు, మెగ్గర్ ఎండరోజున కూడా చాలావరకు చెప్పేస్తుంది. అది పెట్టేముందు టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టర్, ఎల్ఈడీ లైట్లు అన్నీ విడదీయాలి, లేకపోతే వాటి బోర్డులు పోతాయి. పనికి పిలిచేటప్పుడే ‘మెగ్గర్ ఉందా’ అని అడగండి. లేదంటే వేరే మనిషిని చూసుకోండి. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లయితే మేలు.

ఇన్వర్టర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఇంకో కోణం ఉంది. ఫలానా లైటు వేసినప్పుడే ట్రిప్ అవుతుంటే అది లీకు కాకపోవచ్చు. ఫేజు ఇన్వర్టర్ లైను నుంచి, న్యూట్రల్ వేరే లైను నుంచి తీసుకుని ఉంటారు. వెళ్లిన దారీ వచ్చిన దారీ వేరైతే ఆర్‌సీసీబీకి లెక్క కుదరదు. న్యూట్రళ్లు విడదీస్తే సరిపోతుంది.

ప్లగ్గు వేడెక్కడం వేరే జబ్బు, దీన్ని ఎంసీబీగానీ ఆర్‌సీసీబీగానీ పట్టుకోలేవు. మీ ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లదైతే 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్ లోపలి స్ప్రింగు వదులై, ఆ పట్టు దగ్గర 0.2 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. 15 వాట్ల వేడి ఆ ఒక్క చుక్కలో పుడుతుంది. టీవీ మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. కరెంటు పెరగలేదు, లీకూ కాలేదు, కాబట్టి ఏదీ ట్రిప్ కాదు. బోర్డు లోపల మాత్రం కాలుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరగడం, కాలిన వాసన, చిటపట శబ్దం దాని గుర్తులు. సాకెట్ ఒక్కటే మారిస్తే లాభం లేదు, కాలి నల్లబడిన పిన్నులు కొత్త సాకెట్‌ని కూడా పాడుచేస్తాయి. ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చి, వైరు తొడుగు పెళుసుబారినంత మేర కత్తిరించి కొత్తగా బిగించమనండి. మధ్యలో 16 నుంచి 6 ఆంపియర్లకు మార్చే అడాప్టర్ ఏదైనా ఉంటే పారేయండి. గీజర్, ఏసీ, ఇండక్షన్, ఇస్త్రీ పెట్టె ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టొద్దు.

ఆ లైనుకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ ఉండాలి. గీజర్, ఏసీలకు 4 స్క్వేర్ ఎంఎం వేస్తే నిశ్చింత. ఎంసీబీ మీద అంకె చూడండి. ట్రిప్ అవుతోందని ఎవరైనా 32 పెట్టి ఉంటే, ఆర్‌సీసీబీ తీసేసినట్టే అదీను. పాత ఇళ్లలో ఫ్యూజ్ గ్రిప్పులో రాగి పోగులు నాలుగు మెలేసి చుట్టేవాళ్లు, అదే పని.

మీరు అడగలేదు గానీ, బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగా? సర్వీస్ వైరుకు ఆధారంగా వచ్చే జీఐ తీగకో, అది కట్టిన ఇనుప రాడ్డుకో దండెం కట్టి ఉంటే ఈరోజే విప్పేయండి. గాలికి రాపిడై సర్వీస్ వైరు తొడుగు అరిగితే ఆ జీఐ తీగ, దాంతోపాటు దండెం మొత్తం షాక్ కొడుతుంది. తడిబట్ట చేత్తో ముట్టుకునేది ఆడవాళ్లే. ఇది మీటరుకు ముందే జరుగుతుంది కాబట్టి ఇంట్లో ఆర్‌సీసీబీ ఉన్నా అడ్డుకోదు. నైలాన్ తాడు కట్టండి, గోడ మేకుల మీదికి మార్చండి. ఇనుప కూలర్ ఉంటే మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలదు.

ఎప్పుడైనా ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే చేత్తో లాగొద్దు. మెయిన్ దించాలి. అది దూరమైతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. లేచి బాగానే ఉన్నానన్నా ఆసుపత్రిలో చూపించాలి. మీ అమ్మగారికి మెయిన్ ఎక్కడుందో, ఎలా దించాలో ఈరోజే చూపించండి. ఆమె చేతికి అందనంత ఎత్తులో ఉంటే కింద ఒక చెక్క స్టూలు ఎప్పుడూ ఉంచండి.

పని వరస ఇలా పెట్టుకోండి. మొదటి రోజు ఆర్‌సీసీబీ, వంటింటి సాకెట్. ఆర్‌సీసీబీ బిగించాక టెస్ట్ బటన్ మీ వేలితో నొక్కి, అది పడుతోందని చూశాకే డబ్బులివ్వండి. తర్వాత నెలకోసారి నొక్కుతూ ఉండండి. రెండోది ఎర్తు గుంత, ఎర్త్ టెస్టర్‌తో రీడింగు తీయించి డబ్బా తలుపు లోపల తేదీతో రాయించండి. మూడోది మెగ్గర్. అది బాగుందని చెప్పిన వైరును 2006 నాటిదైనా మార్చొద్దు, గోడలు పగలగొట్టే ఖర్చు దండగ. గీజర్‌కు కొత్త ఎలిమెంట్ వేయించడం చివర్లో, ఎర్తు కుదిరాకే.

అప్పటిదాకా పాప స్నానానికి నీళ్లు గ్యాస్ పొయ్యి మీద కాచండి. అటక మీద పాత హీటర్ రాడ్డు ఉండే ఉంటుంది, దాన్ని మాత్రం కిందికి దించొద్దు. ఎర్తు లేని ఇంట్లో బకెట్లో వేసిన రాడ్డు ఆ గీజర్ కంటే ప్రమాదం.